తంబుర పక్కన గీత

సిరిపురం రేడియో స్టేషన్లో
టేపుల గదికి కిటికీ లేదు.
అయినా సముద్రం వస్తుంది,
బీరువా తలుపు మీద తుప్పుగా,
స్పూలు అంచున తెల్లని బూజుగా,
సాయంత్రానికి నా వేళ్ల మీద ఉప్పుగా.

పాత టేపుల్ని కంప్యూటర్లోకి ఎక్కించడం నా పని.
రోజుకి ఆరు. ఏసీ పాడైతే నాలుగు.
ఆ అట్ట మీద నీలం సిరాతో
ఎవరో గుండ్రంగా రాశారు:
గాత్రం, ఒక పేరు.
వయొలిన్, ఒక పేరు.
మృదంగం, ఒక పేరు.
తంబుర, ఒక గీత.

మనిషి లేక పెట్టిన గీత కాదది.
అడగక పెట్టింది.

ముఖారి నడుస్తోంది.
విద్వాంసుడిది మంచి గొంతే, అబద్ధమెందుకు,
తారస్థాయిలో దారం తెలియని గాలిపటం.
పద్నాలుగో నిమిషంలో చరణం ఎత్తుకుని
రెండో పాదం దగ్గర
దారి తప్పాడు.
వయొలిన్ పాత సంగతినే మళ్లీ తిప్పింది.
మృదంగం తాళాన్ని చంకనెత్తుకుని నిలబడింది.
అప్పుడు
నాలుగు తీగల కింద నుంచి
ఒక ఆడగొంతు
మూడే మూడు మాటలు అందించింది,
విస్తట్లో ఉప్పు తక్కువని చూసి
అడగకముందే చిటికెడు వేసినట్టు.

ఆయన అందుకున్నాడు.
పిలిచిన వాళ్లంతా చప్పట్లు కొట్టారు.

నేను వెనక్కి తిప్పి విన్నాను.
పదకొండు సార్లు.
"ఆ మధ్యలో గుసగుస నాయిస్ మేడమ్,
శుభ్రం చేసినప్పుడు తీసేద్దాం," అన్నాడు మా ఇంజినీరు.

పాట దగ్గర లేని పేరు
డబ్బు దగ్గర దొరికింది.
చెల్లింపుల రిజిస్టర్లో, చెద తినగా మిగిలిన పేజీలో,
పన్నెండు రూపాయల ఎదుట
వంకర లేని సంతకం: బి. వరహాలమ్మ.

కోటవీధిలో మూడో అంతస్తు.
మెట్లెక్కాక ఊపిరి తీసుకుంటే
హార్బరు క్రేన్లు కనిపిస్తాయి.
ఎనభై ఎనిమిదేళ్ల ఆవిడ
చాప మీద కూర్చుని ఉంది, చీపురు పుల్లతో తాళం వేస్తూ.
ఎదురుగా జాలారిపేట పిల్లలిద్దరు,
కాళ్లకింకా ఇసకే.

ఇయర్‌ఫోన్లు పెట్టాను.
కళ్లు మూసుకుంటుందనుకున్నాను. మూసుకోలేదు.
ఏడుస్తుందేమో అని చేతిరుమాలు తీశాను, ఏడవలేదు.
"సారణి దిగిపోయింది, ఇన్నావా?
ఆవేళ వానమ్మా," అంది.

గొంతు సంగతి అడిగాను.

"నాదే గావాల.
అతగాడికి ఆ పాట వాళ్ల గురువు చెప్పేడు.
ఆ గురువుకి మా పెద్దమ్మ చెప్పింది,
మా గుమ్మంలోనే, దీపం పెట్టీవేళకి వచ్చీవాడు.
బయటికెళ్లి ఎవురికీ చెప్పీవాడు కాదులే.
మేళాలు మూసీసేక గజ్జెలు తూకానికి పోనాయి.
పాటని ఏ తరాజులో పెడతారు?
ఉండిపోయింది.
మా ఇంటి పాట గదా,
మర్చిపోతే నాకు తెలుస్తాది."

అంతలో రేవులోంచి ఓ ఓడ కూసింది,
కిటికీ అద్దాలు సన్నగా వణికేలా.
నా మాటలు వదిలేసి పిల్లల వైపు తిరిగింది.
"అదిగో, అదే మీ మంద్ర పంచమం. పట్టండి!
ఒగ్గీకండి, ఓడ ఎల్లిపోద్ది."

ఇద్దరూ పట్టారు.
ఒకతె కొంచెం పైన,
ఒకతె సరిగ్గా.
ఓడ ఆపేశాక కూడా
వాళ్లు ఆపలేదు.
నాకు టీ ఇవ్వడం ఆవిడ మర్చిపోయింది.

మర్నాడు అట్ట తీశాను.
నీలం సిరా ఎక్కడిది, బాల్ పెన్నే.
గీతని కొట్టెయ్యలేదు.
రెండు గీతల కాపీ పుస్తకంలో
చిన్నప్పుడు రాసినట్టు
ఆ గీత మీదే, అక్షరం జారకుండా,
బొండపల్లి వరహాలమ్మ అని రాశాను.
చోటు సరిపోలేదు. చివరి అక్షరం
మృదంగం కిందికి వెళ్లింది.

ఇంజినీరు బల్ల మీద
చీటీ పెట్టాను:
పద్నాలుగో నిమిషం
ముట్టుకోవద్దు.